మాట ఆగిన మలుపు

మా నాన్న మాట్లాడరు. కోపమొచ్చి కాదు, ఎవరిమీదో అలిగి కాదు. ఆయనకు అవసరం కనిపించదు, అంతే. దుకాణానికి ఎవరైనా వచ్చి సైకిలు అద్దెకు కావాలంటే, మనిషిని పైనుంచి కిందికి ఒకసారి చూసి, సరిపోయే సైకిలు తెచ్చి ముందు నిలబెట్టి, సీటు ఎత్తు సరిచేసి, చక్రాల్లో గాలి నొక్కి చూసి లోపలికి వెళ్ళిపోతారు. ఏ దారిన పోవాలి, వాన పడితే ఎక్కడ ఆగాలి, కుక్క వెంటపడితే ఏం చేయాలి, ఇవన్నీ మా అమ్మ వాటా. అమ్మ లేనప్పుడు నా వాటా. నాకు అమ్మ నోరే వచ్చిందని అందరూ అంటారు. నాన్న నోరే వచ్చుంటే ఈ కథ మీదాకా చేరేది కాదు కాబట్టి ఆ మాటకు నేనేమీ నొచ్చుకోను.

మాది కొండల మధ్య ఊరు. ఏ వీధిలో నిలబడినా అయితే ఎక్కాలి, లేకపోతే దిగాలి. చదునైన చోటు మా ముందున్న బజారు ఒక్కటే. కింద దుకాణం, పైన మేము. దుకాణం కప్పు నుంచి చక్రాలు వేలాడుతుంటాయి కాబట్టి పొడుగువాళ్ళు తల వంచుకుని నడవాలి. పైన రెండు గదుల్లోనూ రబ్బరు, నూనె కలిసిన వాసన. మేం దాన్ని వాసన అనుకోం. వచ్చిన చుట్టాలు అనుకుంటారు.

దుకాణంలో ఎదురు గోడ నిండా నాన్న గీసిన పటం ఉంది. చుట్టుపక్కల కొండల్లో సైకిలు మీద తిరగడానికి వీలైన దారులన్నీ అందులో ఉన్నాయి. ఎక్కడ ఎంత ఎత్తో చెప్పడానికి అందరూ అంకెలు వేస్తారు. నాన్న అంకెల జోలికి పోలేదు. మూడు రంగులు వాడారు. ఆకుపచ్చ గీత ఉంటే కబుర్ల దారి. పక్కవాళ్ళతో ముచ్చట్లాడుతూ తొక్కవచ్చు. పసుపు గీత ఉంటే ఊకొట్టే దారి; ఎదుటివాళ్ళు ఏదైనా చెబితే ఊ అనడానికి సరిపడా ఊపిరే మిగులుతుంది. ఎర్ర గీత మౌనం. అక్కడ నోరు తెరిచేది గాలి పీల్చడానికే. ఈ లెక్క చిన్నపిల్లలకు కూడా అర్థమవుతుంది. సైకిలు యాత్రికుల సంఘంవాళ్ళు ఈ పటాన్ని అచ్చు వేయిస్తారు. ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్ళు దాన్ని మడిచి హ్యాండిల్ సంచీలో పెట్టుకుని మా కొండలెక్కుతారు.

ఈ రంగులన్నిటికీ కొలబద్ద మా అమ్మ. పెళ్ళయిన కొత్తలో నాన్న ఆవిడకు సైకిలు నేర్పారు. నేర్చుకున్న మర్నాటి నుంచీ ఆవిడ ఆయన వెనకే బయలుదేరింది. నాన్న ముందు, అమ్మ వెనక. అమ్మ మాట్లాడుతూనే ఉంటుంది. మాటలు ధారగా వస్తున్నంతసేపూ ఆయన లెక్కలో ఆకుపచ్చ. తెగి తెగి వస్తే పసుపు, రోడ్డు పక్క రాయికీ అదే రంగు. పూర్తిగా ఆగిపోయాయా, ఆయనా ఆగి, రోడ్డు పక్క రాయికి ఎర్ర రంగు పూసి మళ్ళీ ఎక్కేవారు. ఒక్కసారితో నమ్మే మనిషి కాదు. ప్రతి దారినీ ఎండల్లో ఒకసారి, చలిలో ఒకసారి, వాన వెలిశాక ఒకసారి కొలిచారు. మీరే మాట్లాడుతూ కొలుచుకోవచ్చు కదా అని ఎవరో అడిగితే, నాతో కొలిస్తే దారంతా ఎరుపే వస్తుంది అన్నారట. మా ఇంట్లో ఇప్పటికీ దాన్ని చెప్పుకుని నవ్వుకుంటాం.

దారులన్నిట్లోకీ పేరున్నది ఘాటు రోడ్డు. ఊరి చివర వంతెన దగ్గర మొదలై, రాళ్ళ క్వారీ పక్కగా మెలికలు తిరుగుతూ కొండ నెత్తికి చేరుతుంది. నెత్తికి కాస్త ముందు ఒక మలుపు ఉంది. అక్కడ లోయంతా ఒక్కసారిగా కనిపిస్తుంది. పటంలో ఆ మలుపు ఎర్రగా ఉంటుంది, పక్కన మౌనం మలుపు అని రాసి ఉంటుంది. అక్కడికి రాగానే ఎంత మొనగాడైనా సైకిలు దిగి నడుస్తాడు. దిగి, నడుం పట్టుకుని, ఎర్ర రాయి పక్కన నిలబడి ఫోటో దిగుతాడు. నేను గుంపులకు దారి చూపిస్తూ వెళ్తాను కాబట్టి, వాళ్ళు దిగితే నేనూ దిగుతాను. నాన్న కూడా దిగుతారు. తాను పెట్టిన గుర్తును అందరికంటే ముందు పాటించేది ఆయనే.

ఇలా సాఫీగా సాగిపోతున్న కాలంలో లెక్కల మేష్టారు దిగారు. బళ్ళో లెక్కలు చెప్పి, ఉద్యోగం అయిపోయాక సైకిలెక్కిన మనిషి. సంఘంలో ఈయనే పటం అచ్చు పని చూస్తున్నారు. కొత్త ప్రతి వేసేముందు దారులన్నీ ఒకసారి తిరిగి చూద్దామని మా పై గదిలో దిగారు. హ్యాండిలుకు ఒక చిన్న మీటరు బిగించుకున్నారు. అది ఎక్కడికక్కడ వాలు నూటికి ఎంతో అంకెల్లో చూపిస్తుంది, ఆ అంకెలు దాచి ఉంచుతుంది కూడా. ఊపు తప్పకుండా ఉండటానికి ఎక్కాలు పైకి చదువుతూ తొక్కడం ఆయన అలవాటు. ఘాటు రోడ్డెక్కిన రోజున ఆయన కళ్ళజోడు గదిలో మర్చిపోయారు. పటం చదవలేదు. సాయంత్రం దిగొచ్చి టీ తాగుతూ, అన్నీ బాగున్నాయి గానీ ఆ మౌనం మలుపు ఎక్కడుందో తనకు తగల్లేదని అన్నారు.

తగలకపోవడమేమిటి, నెత్తి దాకా వెళ్ళారు కదా అన్నాను. వెళ్ళానన్నారు. పద్నాలుగో ఎక్కం మొదలుపెట్టి పూర్తిచేసేసరికి నెత్తి వచ్చేసిందట. కళ్ళజోడు తెచ్చుకుని, మీటరు దాచిన అంకెలను పటంతో పోల్చి చూశారు. క్వారీ దగ్గర మీటరు పన్నెండు చూపించింది. మలుపు దగ్గర మూడు. మా దుకాణం గుమ్మం ముందు కూడా దాదాపు అంతే ఉంటుంది.

నాకు ఒళ్ళు మండింది. మీ మీటరు పుట్టకముందు నుంచీ జనం అక్కడ దిగి నడుస్తున్నారు, వాళ్ళందరి కాళ్ళూ అబద్ధం చెప్పాయా అని అడిగేశాను. ఆయన నొచ్చుకోలేదు. వాళ్ళంతా పటం చూసి ముందే దిగారమ్మా, తొక్కి చూసినవాళ్ళెవరు అన్నారు. సమాధానం లేనప్పుడు నాకు కోపం ఇంకా పెరుగుతుంది. పైగా ఆ మనిషి తాను తాగిన కప్పుతో పాటు మా కప్పులు కూడా కడిగిపెడుతున్నారు. అలాంటివాళ్ళను తిట్టడం మహా కష్టం.

అసలు చిక్కు ఆ తర్వాత చెప్పారు. సంఘంలో కొందరు ఎప్పటినుంచో ఈ రంగులు తీసేసి అంకెలు వేద్దామంటున్నారు. తనకు రంగులే ఇష్టం. కానీ మొత్తం పటంలోకెల్లా పేరు మోసిన గుర్తే తప్పని తేలితే, మిగతావాటిని మాత్రం ఎలా నమ్మమంటారు అని వాళ్ళు అడుగుతారు. అప్పుడు తాను అడ్డుపడలేరు. ఈ మాటలు ఆయన నాన్న ముఖంలోకి చూసే చెప్పారు.

నాన్న ఆ సాయంత్రమంతా ఒకే చక్రం ముందు కూర్చుని, వంకర లేని చక్రానికి వంకర తీస్తూ ఉన్నారు. ఆయన జీవితంలో నలుగురితో చెప్పిందేదైనా ఉంటే అది ఆ గోడమీదే ఉంది. దాన్ని కూడా తుడిచేస్తే ఇంక ఆయన దగ్గర ఏముంటుంది?

భోజనాల దగ్గర తలెత్తి, "రేపు మళ్ళీ కొలుస్తాను" అన్నారు. ఎవరితో కొలవడమన్నది పెద్ద చర్చ అయింది. అమ్మ మోకాళ్ళు అరిగి, తొక్కడం మానేసి చాలా కాలమైంది. ఇప్పుడు సామాన్ల వ్యాను నడుపుతుంది. నేనా, రోజూ ఎక్కీ దిగీ నా కాళ్ళకు అన్ని ఎత్తులూ ఒకటే అయిపోయాయి. క్వారీ దగ్గర కూడా వాగగలను. మేష్టారికి జవాబు ముందే తెలుసు కాబట్టి ఆయన పనికిరారు. మామూలు ఊపిరి ఉన్న మనిషి కావాలి. అలాంటి మనిషి ఇంట్లో ఒక్కరే మిగిలారు.

అమ్మ నవ్వాపుకోలేక పళ్ళెం పక్కన పెట్టేసింది. ఈయన, కొండెక్కేటంతసేపు, నోటితో మాట్లాడటమా? చూసితీరాలి అంది. మేష్టారు మాత్రం గంభీరంగా, పద్ధతి సరైనదే అన్నారు. నాన్న అప్పటికప్పుడు చేతులు కడుక్కుని స్నానాల గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నారు. లోపల్నుంచి సన్నగా ఏదో గొణుగుడు వినపడింది. ఆయన సాధన చేస్తున్నారు.

మర్నాడు పొద్దున్నే బయలుదేరాం. నాన్న ముందు, నేను వెనక. మేష్టారి మీటరు నా హ్యాండిలుకు బిగించాం. అమ్మ, మేష్టారు వ్యానులో ముందే పైకి వెళ్ళి టీ పెట్టి ఉంచాలని ఏర్పాటు. మా పని ఒక్కటే. నాన్న మాట్లాడుతూ తొక్కాలి, నేను రంగురాళ్ళు చూస్తూ వినాలి.

బజారు దాటగానే, "గాలి ఎదురుగా ఉంది" అన్నారు. నేను ఉత్సాహంగా ఊ కొట్టాను. ఆ తర్వాత వంతెన దాకా ఒక్క ముక్క లేదు. నాన్నా, మాట అని గుర్తుచేశాను. ఏం చెప్పను అని అడిగారు. ఏదైనా అన్నాను. కాసేపు ఆలోచించి సైకిలు భాగాల పేర్లు ముందునుంచి వెనక్కి చెప్పుకుంటూ వచ్చారు. హ్యాండిలు, గంట, బ్రేకు తీగ, ముందు ఫోర్కు, చువ్వలు. వెనక మడ్‌గార్డు దగ్గరికి వచ్చేసరికి సరుకు అయిపోయింది. ఇంకా ఎక్కుడే మొదలుకాలేదు. మళ్ళీ వెనకనుంచి ముందుకు చెప్పుకుంటూ పోయారు.

రెండోసారి గంట దాకా వచ్చి, ఆ గంట ఊడగొట్టుకుని తెచ్చిన ఒకాయన సంగతి ఎత్తారు. పళ్ళ డాక్టరట. సైకిలుకు గొడుగు కట్టుకుని కొండెక్కాడట. గాలికి గొడుగు, గంట, ధైర్యం మూడూ ఎగిరిపోయి, సైకిలును చంకలో పెట్టుకున్నంత పనిచేసి దిగొచ్చాడట. దిగొచ్చి, బ్రేకు నొప్పిగా ఉందని చెప్పాడట, పన్ను గురించి చెప్పినట్టు. నాకు నవ్వొచ్చి సైకిలు వంకరపోయింది. మా నాన్నకు ఇలా చెప్పడం వచ్చని నాకు తెలియదు. తర్వాత ఒక కొత్త జంట. పొద్దున కలిసి రెండు సైకిళ్ళు తీసుకుని, మధ్యాహ్నం వేర్వేరు దారుల్లోంచి విడివిడిగా వచ్చారట. వచ్చినవాళ్ళు వచ్చినట్టే, ఆ రెండో మనిషి క్షేమంగా చేరారా లేదా అని మొదట అడిగారట. ఇన్నేళ్ళూ లోపలి గదిలో చక్రాల మధ్య కూర్చుని ఆయన వచ్చిపోయే జనాన్నంతా విన్నారన్నమాట.

మొదటి పసుపు రాయి దగ్గర ఆయన మాటలు సరిగ్గా తెగిపోసాగాయి. డాక్టరు... మళ్ళీ... ఇంకో ఏడాది... అంటున్నారు. క్వారీ మలుపులో ఎర్ర రాయి దగ్గర, ఒక మాట మధ్యలో ఉండగానే నోరు పూర్తిగా మూతపడింది. మీటరు చూస్తే పన్నెండు. అది దాటి ఊపిరందగానే వెనక్కి తిరిగి నావంక చూశారు. పరీక్ష పాసైన పిల్లాడి ముఖం అది. అక్కడినుంచి ఏ రాయి వచ్చినా ఆయన నోరు రాయి చెప్పినట్టే విన్నది. ఒక్కటీ తప్పలేదు. మిగిలింది పైన మలుపు ఒక్కటే.

క్వారీ దాటాక దారి కాస్త మెత్తబడుతుంది. అక్కడ నేను అడక్కుండానే ఆయన మా అమ్మ గురించి మొదలుపెట్టారు. సైకిలు నేర్చుకున్న రోజుల్లో ఆవిడ బజారులో చుట్టూ తిరగడమే గానీ ఆగడం తెలియక, కూరగాయల బండి చుట్టూ తిరుగుతూ తిరుగుతూ చివరికి ఆ బండినే పట్టుకుని ఆగిందట. బండివాడు తిట్టబోతే, మీ వంకాయలు ముదిరిపోయాయి, పారబోయడమే మంచిదయిందని వాడికే బుద్ధి చెప్పిందట. మొదటిసారి వంతెన దాటినప్పుడు చేతులు వదలడానికి భయపడి, చెమట కూడా తుడుచుకోకుండా కబుర్లు చెబుతూనే వచ్చిందట. ఆవిడ వెనక వస్తుంటే దారి ఎంత దూరమో తెలిసేది కాదు అన్నారు. "కొండలో ఒక్కణ్ణే తిరిగేవాణ్ణి. చప్పుడంటే గొలుసు చప్పుడే. మీ అమ్మ వచ్చాక..." అని ఆగి, ఒక గుంట తప్పించుకుని, మళ్ళీ చెప్పుకుపోయారు.

ఆయన చెబుతుండగానే ఎర్ర రాయి మా ఎడమవైపు వచ్చింది, వెనక్కి పోయింది. నేను చూశాను. చెప్పలేదు. ఆపితే ఆ మాటలు మళ్ళీ వస్తాయో రావోనని భయమేసింది. నాకప్పుడు ఎంత సంతోషంగా ఉందో, అంత కుళ్ళుగానూ ఉంది. ఇంత చక్కగా మాట్లాడే మనిషి ఇంట్లో ఉండగా మాకు ఇన్నాళ్ళూ పైసా దక్కలేదు కదా అనిపించింది.

ఇంకా పైకి వెళ్ళాక ఆయనే అటూ ఇటూ చూసి, రాయి ఏదీ అన్నారు. వెనక ఉండిపోయిందన్నాను. సైకిలు దిగారు. ముఖం వాడిపోయింది. సైకిలు వెనక్కి తిప్పి, రాయికి కింద దాకా జారి, మళ్ళీ ఎక్కారు. ఈసారి సైకిలు భాగాలు. హ్యాండిలు నుంచి మడ్‌గార్డు దాకా ఒక్క మాట తెగకుండా చెప్పుకుంటూ మలుపు తిరిగారు. మీటరు మూడు. ఇంకోసారి కూడా చూశారు. అదే మూడు. అక్కడినుంచి నెత్తి దాకా ఆయన నోరు విప్పలేదు, నేనూ గుర్తుచేయలేదు.

పైన వ్యాను నీడలో అమ్మ స్టవ్ మీద టీ మరిగిస్తోంది. మేష్టారు మడత కుర్చీలో కాస్త సొమ్మసిల్లినట్టు కూర్చున్నారు. దారి పొడుగునా అమ్మ పక్కన కూర్చున్న ప్రయాణం కదా మరి. నాన్న సైకిలు నిలబెట్టి, నేరుగా ఆయన ముందుకు వెళ్ళి, మీరన్నదే నిజం, అక్కడ ఎత్తు లేదు, తప్పు నాదే అన్నారు. మేష్టారు లేచి నిలబడ్డారు. నేను మిగతా రాళ్ళ సంగతి, మీటరు అంకెలతో సహా ఏకరువు పెట్టాను. ఒక్కటే తప్పితే రంగులకు వచ్చిన ముప్పేమీ లేదని ఆయన తేల్చేశారు. ఇంత సరిగ్గా మాటతో కొలవడం తాను నమ్మలేకపోతున్నానన్నారు. కాకపోతే సంఘంవాళ్ళు అడుగుతారు. ఆ ఒక్కచోటా పొరపాటు ఎలా జరిగిందో చెప్పాలి.

నాన్న అమ్మ వైపు తిరిగారు.

"మూడుసార్లు కొలిచాను. మూడుసార్లూ నువ్వు అక్కడే ఆగిపోయావు. ఎందుకు?"

అమ్మ గరిటెతో టీ తిప్పుతూ, పోనివ్వండి, ఇప్పుడెందుకు అంది. మా అమ్మ చెప్పనని అనడం నేను అదే మొదటిసారి వినడం. నాన్న కదల్లేదు. అక్కడే నిలబడి ఉన్నారు. అమ్మ స్టవ్ తగ్గించింది.

"మూడుసార్లూ ఒకటే అడిగానండీ. నేను రాకముందు మీరొక్కరే తిరిగేవారు కదా. ఇలా నేను వెంటబడి వాగుతూ వస్తుంటే మీకు బాగుందా, లేక ఒక్కరూ వెళ్ళడమే హాయిగా ఉండేదా అని. అక్కడ లోయ కనిపించగానే అడగాలనిపించేది. అడిగి, మీరేమంటారోనని ఆగేదాన్ని. మీరు సైకిలు దిగి రాయికి రంగు వేసేవారు."

మేష్టారు మడత కుర్చీని మడతపెట్టడం మొదలుపెట్టారు, ఎందుకో ఆయనకే తెలియదు.

"నేను వినలేదు" అన్నారు నాన్న. "నీ మాట వస్తోందా, ఆగిందా అన్నదే విన్నాను. ఏమంటున్నావో వినలేదు."

"అద్దెకొచ్చిన వాళ్ళ మాటలు మాత్రం చక్కగా వింటారు" అంది అమ్మ. కానీ గొంతులో ఎత్తిపొడుపు అంతగా లేదు. మొదటిసారి ఏడుపొచ్చిందట. రెండోసారి ఒళ్ళు మండిందట. మూడోసారికి, ఏమంటే ఏముందిలే, ఎలాగూ కలిసే తిరుగుతున్నాం కదా అనుకుని ఊరుకుందట. మరి అది ఎత్తు కాదని మీకు తెలుసు కదమ్మా, ఇన్నేళ్ళూ చెప్పలేదేం అని మేష్టారు అడిగారు. చెబితే ఎందుకాగావంటారు, మళ్ళీ మొదట్నుంచి అడగాల్సొస్తుంది, నాలుగోసారి కూడా జవాబు రాకపోతే ఎవరు పడతారండీ అంది.

నాన్న టీ గ్లాసు తీసుకున్నారు. తాగలేదు. చదునైన నేల మీద నిలబడి ఉన్నా ఆయనకు ఊపిరందడం లేదని నాకు తెలుస్తూనే ఉంది. నాన్నా, మాట అని మనసులోనే అనుకున్నాను.

"నీకు మోకాళ్ళు నొప్పి మొదలయ్యాక నేను కొత్త దారి ఒక్కటైనా వేశానా?" అని అడిగారు.

అమ్మ ఆలోచించింది. నేనూ ఆలోచించాను. వేయలేదు. వయసు మీదపడిందని నేననుకున్నాను. దారులన్నీ అయిపోయాయనుకున్నానంది అమ్మ.

"అయిపోలేదు. అవతలి కొండలో మూడున్నాయి. ఒక్కణ్ణే బయలుదేరాను. మొదటి మలుపు దాకా వెళ్ళి వెనక్కి వచ్చేశాను. మూడుసార్లూ అంతే. వెనక నువ్వు లేకపోతే నాకు తొక్కబుద్ధి కాదు."

మా అమ్మ స్వెట్టరు చేత్తో ముక్కు తుడుచుకుంది. నాకూ కళ్ళు నిండాయి, దాచుకోలేదు. ఎప్పుడూ ఒకటికి పది చెప్పే ఆవిడ ఏమంటుందోనని ముగ్గురం చూస్తున్నాం. కాసేపటికి తేరుకుంది.

"ఆ ముక్కేదో మొదటిసారే అనుంటే, పాపం అంతమంది దిగి నడిచేవాళ్ళు కాదు కదండీ."

నాన్న నవ్వారు. మేష్టారు కూడా నవ్వి, జేబులోంచి కాగితం తీసి, పొరపాటుకు కారణం ఏమని రాయమంటారని భయంభయంగా అడిగారు. ఎదురుగాలి అని రాయండి అంది అమ్మ. ఆయన బుద్ధిగా అలాగే రాసుకున్నారు. మలుపుకు ఆకుపచ్చ వేయమని నాన్న చెప్పారు.

టీలు అయ్యాక వ్యానులోకి గ్లాసులు సర్దుతుంటే, అమ్మ నా సైకిలు హ్యాండిలు పట్టుకుని, సీటు కాస్త దించవే అంది. మరి నీ మోకాళ్ళో అన్నాను. కిందికి దిగడానికి మోకాళ్ళతో పనేముంది, బ్రేకు పట్టుకుంటే చాలదా అని నన్నే కసిరింది. నాన్న వచ్చి నన్ను పక్కకు జరిపి, సీటు తానే దించి, చక్రాల్లో గాలి రెండేసిసార్లు నొక్కి చూశారు. తర్వాత ఎప్పటిలా ముందుకు వెళ్ళిపోకుండా, ఆవిడ ఎక్కి సర్దుకునేదాకా ఆగి, పక్కనే బయలుదేరారు.

నేను వ్యాను తీసి వాళ్ళ వెనక నడిపాను. మేష్టారు నా పక్కన కూర్చున్నారు. ఇద్దరూ బ్రేకులు పట్టుకుని పక్కపక్కన నెమ్మదిగా దిగుతున్నారు. నాన్న తల అమ్మవైపు తిరిగి ఉంది. ఆయన పెదాలు ఆగకుండా కదులుతున్నాయి. మధ్యలో ఒక చెయ్యి వదిలి అవతలి కొండను చూపించారు కూడా. అమ్మ నోట ఒక్క మాట లేదు. తల ఊపుతూ వింటోంది.

వాళ్ళేం మాట్లాడుకుంటున్నారో వినపడేలా కాస్త దగ్గరికి పోనివ్వమన్నారు మేష్టారు. నేను ఇంకా నెమ్మది చేశాను. వెనకనుంచి ఒక లారీ వచ్చి హారన్ కొట్టబోయింది. కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి, కాస్త ఆగమన్నాను.